తొర్ర చెట్టు నరికే ముందు, ఇప్పచెట్టు కింద నిప్పు పెట్టే ముందు

సంపాదకులు గారికి నమస్కారం.

మాఘం వెళ్లిందంటే ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గజపతి, మల్కనగిరి కొండల్లో రెండు పనులు జోరందుకుంటాయి. రోడ్ల పక్కన, కరెంటు తీగల దగ్గర పాత చెట్లకు ప్రమాదకరమని గుర్తు వేసి నరకడం ఒకటి. ఇప్పపువ్వు ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింద ఎండుటాకులు కాల్చడం రెండోది. సరిగ్గా ఆ రోజుల్లోనే హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పక్షుల్లో ఆడది చెట్టు తొర్రలోకి దూరి, ద్వారం తానే మూసుకుని, గుడ్ల మీద కూర్చుంటుంది. లోపలికి వెళ్లాక దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. మళ్లీ ఈకలు వచ్చి, పిల్లలు ఎదిగేదాకా, అంటే దాదాపు మూడు నెలలు, అది ఎగరలేదు. చెట్టు కూలినా, కాలినా తల్లీపిల్లలు లోపలే పోతాయి. ఆ మూడు నెలలు ఎవరు ఏం చేయాలో, ఏం చేయకూడదో మీ జిల్లా పేజీల ద్వారా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

మన వైపు రెండు రకాలున్నాయి. ఊరి తోపుల్లో, రోడ్డు పక్క రావిచెట్ల మీద కూడా కనిపించేది బూడిదరంగు హార్న్‌బిల్, సుమారు 60 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. రెండోది పెద్దది, అడవిది. వీపు, మెడ నలుపు, పొట్ట తెలుపు, తోక అంచుల ఈకలు తెలుపు, పసుపు ముక్కు మీద పడవలాంటి కొమ్ము, ఆ కొమ్ము మీద నల్లటి మచ్చ. మగదానికి కన్ను ఎర్రగా ఉంటుంది, ఆడదానికి కంటి చుట్టూ చర్మం తెల్లగా ఉంటుంది. పక్షిశాస్త్రం పుస్తకాల్లో దీన్ని మలబార్ పైడ్ హార్న్‌బిల్ అంటారు గానీ, పడమటి కనుమల్లోనే కాదు, మధ్య భారతంలోనూ తూర్పు కనుమల్లోనూ శ్రీలంకలోనూ ఉంది. మన ఒడియా ఇరుగుపొరుగు కొచిలాఖాయి అంటారు. ముష్టిపండు గుజ్జు మింగి గింజను కక్కేయడం దీనికి అలవాటు. అంతర్జాతీయ జాబితాల్లో ఇది ముప్పుకు చేరువైన జాతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి రక్షణ ఇస్తుంది. దీన్ని చంపడం, పట్టడం, గూడు పాడు చేయడం నేరమే.

ముందు గూడు సంగతి తెలియాలి, ఎందుకంటే మిగతా జాగ్రత్తలన్నీ దాని నుంచే వస్తాయి. ఇంత పెద్ద ముక్కు ఉన్నా హార్న్‌బిల్ చెట్టుని తొలవలేదు. ఆ ముక్కు పండు కోయడానికి, బల్లిని పట్టడానికి, మట్టి అతకడానికి పనికొస్తుంది గానీ వడ్రంగిపిట్ట ముక్కులా ఉలి కాదు. కాబట్టి కొమ్మ విరిగిన చోట బూజు పట్టి చేవ కుళ్లి ఏర్పడిన తొర్రో, వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన కన్నం పెద్దదై మిగిలినదో దానికి దొరకాలి. లోపల తల్లి, రెండు మూడు పిల్లలు పట్టాలంటే మాను బాగా లావుగా ఉండాలి. అంత లావు చెట్టుకి అంత తొర్ర పడటానికి దశాబ్దాలు పడుతుంది. అందుకే మంచి తొర్ర దొరికితే ఆ జత ఏటా అక్కడికే వస్తుంది. ఒక్క చెట్టు పోతే ఆ ఏడు గూడు మాత్రమే కాదు, రాబోయే ఎన్నో ఏళ్ల గూళ్లు పోయినట్టే. బదులు తొర్ర వెతుక్కోమంటే, ఆ చుట్టుపక్కల ఉన్నవన్నీ నలభై యాభై ఏళ్ల లోపు చెట్లే అయితే ఎక్కడ వెతుకుతుంది?

ఆడది లోపలికి వెళ్లాక తన రెట్ట, పండ్ల గుజ్జు, మట్టి కలిపి ద్వారాన్ని కొద్దికొద్దిగా పూడ్చుకుంటూ వస్తుంది. చివరికి నిలువుగా సన్నటి సందు మిగులుతుంది. అది ఎండాక గట్టిపడి ఉడుములూ పాములూ లోపలికి రాకుండా అడ్డుకుంటుంది. మగది పండ్లు మింగి గొంతులో దాచుకొచ్చి, చెట్టుని కరుచుకుని, ఒక్కొక్కటే బయటికి కక్కి ఆ సందులోంచి అందిస్తుంది. పిల్లలు పుట్టాక పండ్లతోపాటు తొండలు, మిడతలు, పురుగులు తెస్తుంది. మొత్తం సంసారం ఆ ఒక్క మగపక్షి మీదే నడుస్తుంది. ఉండేలు దెబ్బకి అది పడిపోతే లోపల ఉన్నవి ఆకలితో చచ్చిపోతాయి. ఒక్క రాయితో నాలుగు ప్రాణాలు పోతాయని పిల్లలకి బళ్లో చెప్పాల్సిన మాట ఇది.

ఇప్పుడు చెట్లు నరకడం గురించి. రోడ్డు పనుల గుత్తేదార్లు, కరెంటు లైన్ల సిబ్బంది, పంచాయతీలు దయచేసి ఇది గమనించాలి. గూడు ఉన్న తొర్రని కింద నుంచే పోల్చుకోవచ్చు. తొర్ర కింద మాను మీద తెల్లటి రెట్ట చారలు కారి ఉంటాయి. చెట్టు మొదలు దగ్గర ముష్టి గింజలు, నేరేడు గింజలు, రెట్టలో వచ్చిన మర్రి జాతి సన్న గింజలు, పురుగుల రెక్కలు కుప్పగా పడి ఉంటాయి. పాత గూడైతే ఆ గింజలు మొలిచి ఒకే చోట రకరకాల మొలకలు గుంపుగా కనిపిస్తాయి. ద్వారం గుండ్రంగా తెరుచుకుని ఉండాల్సింది పోయి మట్టిరంగు పూతతో సందుగా మారి ఉంటుంది. ఈ గుర్తులు లేకపోయినా తొర్ర ఖాళీ అనుకోకూడదు. పొదిగే రోజుల్లో మగది రావడానికి గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. అయిదు నిమిషాలు చూసి ఏ పక్షీ లేదని రాసేస్తే గూళ్లు పోతాయి. తెల్లవారి 6 నుంచి 9 వరకు, 30 మీటర్లకి తగ్గకుండా దూరంగా కూర్చుని, రెండు రోజులు చూడాలి. చెట్టుకి దగ్గరగా నిలబడితే మగది మనల్ని చూసి రాకుండా ఆగిపోతుంది, అప్పుడు కూడా ఖాళీ అనే తప్పు లెక్కే వస్తుంది.

చెట్టు నిజంగానే రోడ్డు మీదికి వాలి ఉంటే అప్పుడేం చేయాలన్నది న్యాయమైన ప్రశ్న. మొదలంటా నరకడం ఒక్కటే దారి కాదు. చెట్టుని ఒకవైపు లాగే బరువు ఎక్కువగా పైకొమ్మల్లో ఉంటుంది. రోడ్డు వైపు కొమ్మల్ని తగ్గించి, తొర్ర ఉన్న మానుని అలాగే నిలబెడితే పడే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. తొర్రలో పక్షి ఉంటే ఆ కొమ్మల పని కూడా జ్యేష్ఠం వెళ్లాక చేయాలి. రంపం మోత, మాను అదురు వల్ల మగది మేత మానేస్తుంది, పూత పగిలిపోతుంది. అడవిలో నిలబడి ఎండిన చెట్టుని వంటచెరకు కోసం కొట్టేయడం కూడా ఇలాంటిదే. ఎండిపోయిందని మనం అనుకునే మానులో బూడిదరంగు హార్న్‌బిల్‌తో పాటు కంసాలిపిట్టలు, గోరింకలు, చిలకలు, గుడ్లగూబలు కాపురముంటాయి. కింద పడ్డ కట్టెలు తీసుకోండి, నిలబడ్డదాన్ని వదిలేయండి.

గూడు చెట్టు గాలికి కూలిపోయిన సందర్భాలుంటాయి. అప్పుడు తల్లికి రెక్కల ఈకలుండవు కాబట్టి ఎవరైనా పట్టుకోగలరు. అదే దాని దురదృష్టం. తల్లిని, పిల్లల్ని గాలి కన్నాలున్న అట్టపెట్టెలో, చీకటిగా, కోళ్లకీ కుక్కలకీ దూరంగా పెట్టి అటవీ సిబ్బందికి కబురు చేయాలి. నోరు తెరిచి నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. హార్న్‌బిళ్లు నీళ్ల కోసం ఎక్కువగా పండ్ల మీదే ఆధారపడతాయి. మేడిపండో, బొప్పాయి ముక్కో ముక్కు దగ్గర పెడితే సరిపోతుంది.

ఇక నిప్పు. మా దృష్టిలో అన్నిటికంటే పెద్ద సమస్య ఇదే. ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలుతుంది. కింద ఎండుటాకులుంటే పువ్వు కనపడదు, పాములు ఉంటాయని భయం, అందుకని చెట్టు కింద కాలుస్తారు. ఏరుకునేవాళ్లు కావాలని అడవి తగలబెట్టరు. కానీ మధ్యాహ్నం పెట్టిన నిప్పుకి ఎండగాలి తోడైతే అది ఇప్పచెట్టు దగ్గర ఆగదు. వాలు మీద నిప్పు పైకి వేగంగా పాకుతుంది, ఆ పైన ఎక్కడో తొర్ర చెట్టు ఉంటుంది. పచ్చగా గట్టిగా ఉన్న మానుకి అలాంటి మంట పెద్దగా చేటు చేయదు, బెరడు మాడి ఊరుకుంటుంది. లోపల బోలుగా ఉండి మొదట్లో కన్నం ఉన్న మాను మాత్రం పొగగొట్టంలా పనిచేస్తుంది. కింద నుంచి గాలి లాక్కుని లోపలి కుళ్లు చెక్క రగులుతుంది. ఒక్కోసారి రెండు రోజులు లోలోపల కాలి తర్వాత కూలుతుంది. పైన తొర్రలో ఉన్న తల్లి మంటకు కాలకపోయినా పొగకే పోతుంది.

దీనికి చేయవలసింది కష్టమైన పని కాదు, కానీ ఇప్పపువ్వు మొదలవక ముందే, ఫిబ్రవరి ఆఖరులోగా అయిపోవాలి. ఊరి అడవిలో తొర్ర ఉన్న పెద్ద చెట్లు ఎక్కడెక్కడున్నాయో పశువుల కాపర్లకి తెలుసు, వాళ్లనడిగి గుర్తు పెట్టుకోవాలి. ప్రతి తొర్ర చెట్టు చుట్టూ 3 మీటర్ల వెడల్పున ఆకులు, ఎండు గడ్డి, పుల్లలు మట్టి కనపడేదాకా ఊడ్చేయాలి. ఊడ్చిన చెత్తని బయటి వైపు పల్చగా చల్లాలి. చాలామంది చేసే పొరపాటు దాన్ని కుప్పగా పోసి అక్కడే కాల్చడం, లేదా చెట్టు మొదట్లోకే నెట్టడం. వాలు మీద ఉన్న చెట్టుకి దిగువ వైపు 3 మీటర్లు చాలదు, 5 మీటర్లు ఉండాలి. మొదట్లో కన్నం ఉంటే లోపల ఏ జంతువూ లేదని చూసుకుని రాళ్లు, తడి మట్టితో మూసేయాలి. పై కన్నం జోలికి మాత్రం పోకూడదు. గాలికి ఆకులు మళ్లీ వచ్చి పడతాయి కాబట్టి ఉగాది నాటికి ఇంకోసారి ఊడవాలి. అడవి తీగలు, చిన్న మొక్కల్ని ఇదే అదనని నరికేయకండి. మగది మేత ఇచ్చే ముందు ఆ తీగల చాటునే వాలి చుట్టూ చూసుకుంటుంది.

ఇప్పచెట్టు కింద కాల్చకుండా పువ్వు ఏరే పద్ధతి ఉంది. నేలకి ఒక మీటరు ఎత్తున నాలుగు గుంజలకి నైలాను వల గానీ, పాత చీరలు కుట్టిన పరుపు గానీ కడితే పువ్వు అందులోనే పడుతుంది. వంగి ఏరే పని తగ్గుతుంది, మట్టి అంటదు, బూడిద అంటదు. ఛత్తీస్‌గఢ్‌లో ఇలా వలలో పట్టిన పువ్వుని తినుబండారాల తయారీకి పనికొచ్చే నాణ్యతగా లెక్కగట్టి, నేల మీద ఏరినదానికంటే మంచి ధర ఇస్తున్నారు. వల మధ్యలో బాగా వేలాడేలా కట్టకూడదు, పువ్వంతా ఒకచోట చేరి నలిగి పులిసిపోతుంది. మన వైపు గిరిజన సహకార సంఘాలు, స్వయం సహాయక బృందాలు వలలు ముందుగా ఇచ్చి, పువ్వు కొనేటప్పుడు ధరలో తేడా చూపిస్తే ఎవరూ అగ్గిపెట్టె పట్టుకెళ్లరు. జరిమానాలు వేస్తామని బెదిరించడం కంటే ఇది పని చేస్తుందని మా గట్టి నమ్మకం.

హార్న్‌బిల్ కొవ్వు తైలం కీళ్లవాతానికి మందని వారపు సంతల్లో అమ్మేవాళ్లున్నారు. నొప్పితో బాధపడే ముసలివాళ్లు ఆశతో కొంటారు, వాళ్లని తప్పుపట్టలేం. కానీ ఆ తైలంలో కీళ్లని నయం చేసే గుణం ఉందని ఏ వైద్య పరీక్షా చూపలేదు. నూనె రాసి మర్దనా చేస్తే వచ్చే హాయి ఆవనూనెకీ వస్తుంది. చైత్ర పరబ్ పండగకి వేటాడే ఆచారం ఉన్న ఊళ్లలో పెద్దలే ఈ పక్షిని మినహాయించమని చెబితే, బయటివాళ్లు చెప్పిన దానికంటే వెయ్యి రెట్లు విలువ ఉంటుంది. అరుణాచల్‌లో పక్కే పులుల అభయారణ్యం పక్కన నిషి తెగవాళ్లు ఒకప్పుడు తలపాగాలో హార్న్‌బిల్ ముక్కు ధరించేవారు. ఇప్పుడు ఫైబర్ ముక్కులు పెట్టుకుంటున్నారు, 2011లో మొదలైన గూళ్ల దత్తత పథకం కింద అదే ఊళ్ల మనుషులు జీతం మీద గూళ్లకి కాపలా ఉంటున్నారు. కేరళ వాళచ్చాల్ అడవుల్లో కాడర్ తెగవాళ్లు అటవీ శాఖతో కలిసి ఇదే పని చేస్తున్నారు. కోందులకీ సవరలకీ తమ కొండ మీద ఏ చెట్టులో ఏముందో తెలియనిదా? 2022లో మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన ఒడిశా ప్రభుత్వం, కాపలా కూలీని బయటివాళ్లకి కాకుండా ఆ కొండ ఊళ్ల యువకులకే ఇవ్వాలి.

గూడు కాపాడితే సరిపోదు, మేత ఉండాలి. కోరాపుట్ కొండల్లో కాఫీ పెరుగుతున్న కొద్దీ నీడకి సిల్వర్ ఓక్ వరసలు పెరుగుతున్నాయి. నిటారుగా పోతుంది, మిరియం తీగ ఎక్కుతుంది, కలప అమ్ముడవుతుంది, రైతుకి అందులో తప్పు లేదు. కానీ హార్న్‌బిల్‌కి అందులో ఒక్క పండు దొరకదు. యూకలిప్టస్ తోటలోనూ అంతే. మేత చెట్లని ఉంచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి దూరపు ఉదాహరణ ఒకటి. మధ్య అమెరికా కొండ అడవుల్లో క్వెట్జాల్ అనే పక్షి ఉంది. పచ్చటి ఒళ్లు, ఎర్రటి పొట్ట, మగదానికి ఒంటికంటే పొడవైన తోక తెరలు. అది కూడా కుళ్లిన మానులోనే గూడు పెడుతుంది, అవకాడో కుటుంబపు అడవి చెట్ల చిన్న కాయలు మింగి గింజలు కక్కుతుంది, కాయలు ఏ ఎత్తులో పండితే కొండ మీద ఆ ఎత్తుకి మారుతుంది. కోస్టారికాలో సాన్ జెరార్దో దె దోతా లోయ రైతులు ఆ అడవి చెట్లని తమ పొలాల్లోనే ఉంచుకున్నారు. ఆ పక్షిని చూడటానికి వచ్చే జనం వల్ల ఆ లోయకి ఆదాయం వస్తోంది. మన దగ్గర ఆ పాత్ర మర్రి జాతి చెట్లది.

మర్రి, రావి, జువ్వి, మేడి ఒక్కోటి నాటి ఊరుకుంటే మేత రాదు. ఈ చెట్లలో ఒక్కో జాతికి దానికి సరిపడే చిన్న కందిరీగ ఉంటుంది, అది కాయ లోపలికి దూరితేనే లోపలి పూలకి పరాగం అంది కాయ పండుతుంది. బయటికొచ్చిన ఆడ కందిరీగ ఒకటి రెండు రోజులే బతుకుతుంది. ఆలోపు అదే జాతి ఇంకో చెట్టు కాయ కావాలి. కనుక ఒకే జాతి చెట్లు చుట్టుపక్కల చాలా ఉండాలి. చెట్లు వేర్వేరు నెలల్లో కాస్తాయి కాబట్టి అప్పుడే పక్షికి కూడా ఏడాది పొడవునా ఏదో ఒక చెట్టు మీద పండు దొరుకుతుంది. ఉన్నవి నరకకుండా కాపాడటం ముందు, నాటడం తర్వాత అనడానికి కారణం ఇదే.

నాటేవాళ్లకి రెండు దారులు. మర్రి, జువ్వి కొమ్మతో నాటుకోవచ్చు. తొలకరికి ముందు, 2 మీటర్ల పొడవు, మణికట్టుకంటే లావు ఉన్న నిటారు కొమ్మ కోయాలి. పాలు కారడం ఆగేదాకా ఒకరోజు నీడలో పెట్టి, కింది కొసని ఏటవాలుగా కోసి, పై కొసకి పేడ, బంకమట్టి మెత్తాలి. లేకపోతే పైనుంచి ఎండుతూ వస్తుంది. గొయ్యి 60 సెంటీమీటర్ల లోతు ఉండాలి. కొమ్మని తలకిందులుగా నాటడం జరుగుతూ ఉంటుంది, కోసేటప్పుడే కింది కొసకి గుర్తు పెట్టుకోవాలి. మట్టిని గట్టిగా తొక్కి, గాలికి ఊగకుండా మూడు వైపులా పోటు పెట్టాలి. వేళ్లు రాకముందు ఊగితే లేత వేళ్లు తెగిపోయి, చిగురు వేసినట్టే వేసి వాడిపోతుంది. మొదటి చిగురు కొమ్మలో దాచుకున్న బలంతోనే వస్తుంది, అది చూసి నీళ్లు మానేయకూడదు. వానలు వెనక్కి పోయాక మొదటి ఎండాకాలం వారానికి రెండుసార్లు 15 లీటర్ల చొప్పున పోయాలి.

రావి కొమ్మతో సరిగా రాదు, గింజతో పెంచాలి. బాగా పండి రాలిన కాయల్ని నీళ్లలో పిసికి, అడుగున చేరిన గింజల్ని తీసుకోవాలి. పైన తేలేవి పొల్లు. సన్న ఇసుక, ఇటుక పొడి కలిపిన తొట్టి మీద చల్లి, మట్టి కప్పకుండా వదిలేయాలి. వీటికి వెలుతురు కావాలి, లోతుగా పోతే మొలవవు. ధారగా నీళ్లు పోస్తే గింజలు ఒక మూలకి కొట్టుకుపోతాయి, చిలకరించాలి. నాలుగు ఆకులు వచ్చాక సంచుల్లోకి మార్చి, నడుమెత్తు పెరిగాకే అడవి అంచుకి తీసుకెళ్లాలి. అంతకంటే చిన్నవి నాటితే మేకలు ఒక్క పూటలో ముగిస్తాయి. మొక్కల పంపిణీలో అడుగున్నర మొక్కలు వేలల్లో ఇచ్చి ఫోటోలు తీసుకునే కంటే, ముళ్ల కంచెతో సహా నడుమెత్తు మొక్కలు వందే ఇవ్వడం నయం.

కాఫీ రైతులు మర్రిని తోట మధ్యలో పెట్టుకోనక్కర్లేదు, నీడ మరీ చిక్కబడి కాపు తగ్గుతుంది. కర్ణాటక కాఫీ తోటల్లో మేడినే నీడకి ఉంచుకుంటారు. వాగు గట్టున మేడి, హద్దు వెంట జువ్వి ఎకరానికి రెండు మూడు చొప్పున, గోడలకీ బావులకీ 10 మీటర్ల దూరంలో పెడితే చాలు. నీడ తగ్గించడానికి కొమ్మలు కొట్టేటప్పుడు మేడి చెట్లన్నిటినీ ఒకే ఏడు కొట్టకుండా సగం ఈ ఏడు, సగం వచ్చే ఏడు కొట్టండి. కాయ తొడిమలు మాను మీదే వస్తాయి కాబట్టి మానుకున్న బుడిపెల్ని చెక్కకండి.

చివరగా మీ పత్రికకే ఒక విన్నపం. గూడు ఫోటో వస్తే ఊరి పేరు, కొండ పేరు, దారి వివరాలు అచ్చు వేయకండి, జిల్లా పేరు చాలు. ఫోటో పడిన వారంలో కెమెరాలతో వచ్చేవాళ్లూ, తైలం కోసం వచ్చేవాళ్లూ ఒకే దారిన వస్తారు. చెట్టు కింద నలుగురు నిలబడి ఉంటే మగది గొంతు నిండా పండ్లతో పక్క చెట్టు మీద గంటల తరబడి కూర్చుంటుంది. మధ్యాహ్నపు ఎండలో లోపల పిల్లలు కొత్తగా పుట్టి ఉంటే ఆ గంటలే చాలు అవి పోవడానికి. విలేకరులు ఫోటో తీయాల్సి వస్తే 30 మీటర్ల అవతల నుంచి, ఫ్లాష్ లేకుండా, మగది ఒకసారి మేత ఇచ్చి వెళ్లాక తీసి వెనక్కి వచ్చేయాలి. పక్షి కూతలు ఫోన్‌లో మోగించి పిలవడం అసలే వద్దు. ఫిబ్రవరి మొదటి వారంలో మీ కోరాపుట్, రాయగడ, పర్లాకిమిడి పేజీల్లో తొర్ర చెట్ల చుట్టూ ఊడ్చే పద్ధతిని, ఇప్పపువ్వు వలల సంగతిని ఒక చిన్న పెట్టె కట్టి వేయగలిగితే, పువ్వు రాలక ముందే ఊళ్లకి చేరుతుంది.

ఇట్లు,
కొండ అడవుల పక్షుల్ని గమనించే పాఠకులు,
జయపురం, రాయగడ, పర్లాకిమిడి